పటేల్ పేరిట ఎక్స్‌రే

బుగ్గయ్య దగ్గు ఇబ్రహీంపట్నంలో తెలియనివాళ్లు లేరు. చెరువులో అతను దగ్గితే చేపలు చెదిరిపోతున్నాయని తోటి బెస్తలు విసుక్కునేవారు. రెండేళ్లయినా తగ్గకపోయేసరికి అది క్షయేనని ఊరు తేల్చేసింది. భార్య సిద్దమ్మ కంచం, చెంబు వేరుచేసింది. బుగ్గయ్య కూడా నమ్మి, చేతికి అలవాటైన మంచి వలను తమ్ముడికి ఇచ్చేసి, చావు కోసం ఎదురుచూస్తూ పటేల్ ఇంట్లో వెట్టి మాత్రం మానకుండా చేస్తున్నాడు.

పోలీసు చర్య జరిగి ఆరు నెలలైంది. రజాకార్లు పోయారు, మిలిటరీ క్యాంపు వచ్చింది. గుట్టల్లో దాగిన కమ్యూనిస్టు సంఘం దళాలను వెతకడానికి కెప్టెన్ ఊరి పటేళ్లను దారి చూపమని ముందు నడిపిస్తున్నాడు. రజాకార్లకు విందులు పెట్టిన మల్లేశయ్య పటేల్ ఆ మాట వినగానే క్యాంపుకు పరుగెత్తాడు. దళాల కంటపడితే బతకనివ్వరు. తనకు రొమ్ములో జబ్బని మొరపెట్టుకున్నాడు.

“పట్నం దవాఖాన నుంచి ఎక్స్‌రే తీయించుకుని కాయితం తెండి. జబ్బుంటే వదిలేస్తా,” అని మున్షీ చేత చెప్పించాడు కెప్టెన్.

ఆ సాయంత్రమే పటేల్ బుగ్గయ్యను పిలిపించాడు. తన షేర్వానీ, రుమాలు, చెప్పులు ముందు పెట్టాడు.

“రేపొక్క దినం నువ్వే మల్లేశయ్య పటేల్‌వు. పొయ్యి రొమ్ము ఫోటో దిగి రా.”

“నీ బట్టలు నేనెట్ల తొడుగుత పటేలా?”

“తొడుగురా. ఎట్లైన పొయ్యే పానం, నాకైన అక్కరకొస్తది.”

పటేల్ వాకిట్లో చెప్పులు తొడుక్కుని నడవడం బుగ్గయ్యకు అదే మొదలు. బస్సులో కండక్టర్ ముందు సీటు ఖాళీ చేయించాడు. దగ్గినా ఎవరూ మొహం చిట్లించలేదు. ‘పటేల్ దగ్గితే దగ్గు కూడ మంచిగనే ఉంటదేమో’ అనుకున్నాడు.

దవాఖానలో చొక్కా విప్పించి, చల్లటి పలకకు రొమ్ము ఆనించి, ఊపిరి బిగబట్టమన్నారు. తర్వాత ముసలి డాక్టర్ ఆ ఫిలిమ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

“ఇగో, ఈ నల్లగున్నదంత గాలి. రోగముంటే తెల్లమచ్చలు పడుతయి. నీకొక్కటి లేదు.”

“మరి ఈ దగ్గు సారూ?”

“గొంతుది. చుట్టలు మానెయ్, ఉప్పునీళ్లు పుక్కిలించు. దగ్గు చప్పుడుతోని రోగమెంతుందో చెప్పలేం. మొన్న ఒకడొచ్చిండు, ఒక్కపాలి దగ్గలే. ఫోటో తీస్తే రొమ్ములో సగం తెల్లగనే ఉన్నది.” అంతలో ఆయన ఫిలిమ్ మీద ఒకచోట వేలు పెట్టాడు. “ఈ పక్కటెముక ఎన్నడో ఇరిగి అతికింది. ఎవరు కొట్టిండ్రు?”

బుగ్గయ్య నోరు జారింది. “పటేల్ కొట్టిచ్చిండు సారూ.”

డాక్టర్ చీటీలో పేరు చూశాడు. “పటేల్‌వు నువ్వే కదా?”

“అవ్ సారూ,” అన్నాడు బుగ్గయ్య షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ. “ఆయన... పక్కూరి పటేల్.”

డాక్టర్ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి కవరు అంటించి ఇచ్చాడు. తిరుగు బస్సులో బుగ్గయ్య మనసు నిలవలేదు. బతుకుతాను! వల వెనక్కి అడగాలి! కానీ పటేల్ ఆ సంతోషాన్ని వాకిట్లోనే తుంచేశాడు.

“ఏం లేదన్నడా? పిచ్చోడా, చచ్చేటోనికి ఏ డాక్టరైన ఉన్న మాట చెప్తడా? లోపల రాసి ఉంటడు.”

అదీ నిజమేననిపించి బుగ్గయ్య తల వంచుకుని ఇంటికి వెళ్లాడు.

మర్నాడు పటేల్ ఒళ్లు ముడుచుకుని, గొంగడి కప్పుకుని క్యాంపుకు వెళ్లాడు. ఆసరాగా పట్టుకుని బుగ్గయ్య వెంట నడిచాడు. కెప్టెన్ కవరు చించి చదివాడు. మున్షీ తెలుగులో చెప్పాడు: “మల్లేశయ్య రొమ్ము శుభ్రం. ఎంత కష్టమైన పనికైనా పనికొస్తడు.”

పటేల్ గొంగడి తీసి భుజాన వేసుకున్నాడు. ఫోటో తనది కాదంటే సర్కారును మోసం చేసినట్టే. వెనక నిలబడ్డ బుగ్గయ్యకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. డాక్టర్ అబద్ధమాడలేదు!

ఆ వారం నుంచి పటేల్ సిపాయిల ముందు గుట్టలెక్కాడు. దళాలేవీ ఎదురుపడలేదు. కానీ నెల తిరిగేసరికి నాలుగడుగులకే ఆయాసం వచ్చేది. మనిషి సగమయ్యాడు, పొద్దుగూకితే జ్వరం. ఒక్కసారి కూడా దగ్గలేదు. భయంతో నాటకమాడుతున్నాడని ఊరు నవ్వింది. మళ్లీ ఎక్స్‌రే అంటే కెప్టెన్ పాత కాయితం చూపించేవాడు.

వానాకాలంలో క్యాంపు ఎత్తేశాక, బుగ్గయ్యే అతన్ని బండిలో పడుకోబెట్టి పట్నం తోలుకెళ్లాడు. అదే డాక్టర్.

“ఏం పటేలా, దగ్గు తగ్గిందా? ఈయనెవరు?” అన్నాడు బుగ్గయ్యతో.

“పటేల్ ఆయనే సారూ. నేను బుగ్గయ్యను. చాపలు పడుత.”

డాక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బుగ్గయ్య క్యాంపు సంగతి, గుట్టల సంగతి అంతా చెప్పేశాడు. డాక్టర్ పటేల్‌కు ఫోటో తీయించాడు. రెండు పక్కలా పొగమంచు కమ్మినట్టు తెలుపు.

“ఆ రోజు మనిషిని పంపకుండ తనే వచ్చి ఉంటే రోగం అప్పుడే దొరికేది,” అన్నాడు నెమ్మదిగా. “గుట్టలెక్కేదే లేకుండె.”

దవాఖానలో చేర్చుకుని ఇచ్చిన మంచం మీద పటేల్ అటు తిరిగి పడుకున్నాడు. బుగ్గయ్యకు జాలి కలిగింది. విరిగిన ఎముక గుర్తొచ్చినా జాలి పోలేదు. అయినా ఇక ఆగలేక అడిగేశాడు.

“సారూ, ఆ మొదటి కాయితం నా పేరు మీద రాసిస్తవా? ఊర్లె ఎవలు నమ్ముతలేరు.”

డాక్టర్ కొత్త కాయితం తీసి, బుగ్గయ్య అని స్పష్టంగా రాసి, సంతకం చేసి ఇచ్చాడు. దాన్ని రుమాల్లో మడిచి పెట్టుకుని, ఎడ్లకు నీళ్లు తాగించి, బుగ్గయ్య ఖాళీ బండి కట్టాడు. దవాఖాన గేటు దాటుతుంటే గొంతులో గరగరమని రెండుసార్లు దగ్గాడు. కావలివాడు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దూరం జరిగాడు.

“నాకేం లేదే! ఇగో కాయితం, సూడు,” అన్నాడు బుగ్గయ్య.

“నాకు సదువు రాదు. జల్ది పో,” అన్నాడు కావలివాడు.