వేళ్ళకు తెలిసిన మొగం

బట్టలంగడి నుంచి ఇంటికి రాగానే రేణు కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టి, గడప దగ్గర పీట వేసుకుని కూర్చునేది. అవతల జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు హారన్లు కొడుతుండేవి. ఆ సందడిలోనే సందు చివర చిన్న అడుగుల చప్పుడు వినిపించేది. టీ అంగడి మారియప్ప బెంచీ పక్కకు జరిపి, "రేణమ్మా, మీవాడు వస్తుండాడు" అని కేకేసేవాడు.

రేణు కొడుకు చెన్నప్ప నాలుగేళ్ళప్పుడు, సొంతూరు అత్తిముగంలో అమ్మవారు పోసి పోయినాడు. చివరి దినాల్లో వాని కండ్లు మూసుకుపోయి, వేపాకుల మధ్య పండుకుని తల్లి మొగం తడుముతా ఉండేవాడు. రేణుకు కూడా చిన్నప్పుడు అమ్మ పోసిందే. మొగమంతా గుంటలు. పాలు తాగేటప్పటి నుంచి వానికి ఆ గుంటల్లో వేలు పెట్టి ఆడుకునేది అలవాటు. పోయినాక కూడా సాయంత్రమైతే వచ్చి అట్లే తడిమేవాడు. ముక్కు పక్కనుండే పెద్ద గుంట దొరకగానే "అమ్మా" అని ఒళ్ళో ముడుచుకునేవాడు. వాళ్ళు ఊరు వదిలి వచ్చిన దినం వాడూ బస్సెక్కినాడు. కండక్టరు వాన్ని జరిగి కూర్చోమన్నాడే గాని టికెట్టు అడగలేదు.

వాని మాట అందరికీ వినిపించేది. మన మాట వానికి వినపడేది కాదు. "పోయినోళ్ళకు తాకేది ఒకటే తెలుస్తుంది" అనేది అత్త సుబ్బక్క.

అంగడిలో రేణు పని లోపలి గదిలో, చీరలు మడత పెట్టేది. "ముందరికి రావద్దమ్మా, కొనేవాళ్ళు బెదురుకుంటారు" అని ఓనరు మెల్లగానే చెప్పినాడు. ఆమెతో మాట్లాడేవాళ్ళు చెవి పక్కనో, భుజం మీదనో చూసి మాట్లాడేవాళ్ళు.

హోసూరు బస్టాండు ఎదురుగా మేడ మీద సుధామణి బ్యూటీ పార్లరు. ఆమెకు బిడ్డల్లేరు, ఆ సాకుతోనే మొగుడు వదిలేసినాడు. బెంగుళూరులో మొగం గుంటలు పూడ్చే కొత్త పని నేర్చుకుని, దానికి సూదుల రోలరు తెచ్చుకునింది.

"ఏమే ఇది, చపాతీ కర్రకు ముండ్లు మొలిచినట్టుండాది?" అనింది రేణు, ఆ రోలరు చూసి.

"చపాతీ కర్రే అనుకో అక్కా, మొగాన్ని వత్తేది. మందు రాస్తే మొద్దుబారిపోతుంది. సూదులతో సన్నసన్న గాయాలు చేస్తే, చర్మం అవి మాన్చుకుంటా మాన్చుకుంటా గుంట పూడ్చుకుంటుంది." సుధామణి ఎడమ చెయ్యి చూపించింది. మోచేతి దాకా చుక్కచుక్కగా గుంటలు. "నేర్చుకునేటప్పుడు నా చెయ్యి మీదే దొర్లించినా. లోతు తెలీక ఇట్లయిపోయె."

ఇంట్లో చెప్తే సుబ్బక్క ఒప్పుకోలేదు. "అమ్మ పోసిన ఇంట్లో తాలింపే పెట్టము. ఆ మొగానికి సూదులు పెట్టిస్తావా? వాడొస్తే ఏం జేస్తావు?"

"వాడు నా బిడ్డ అత్తా. నన్ను మరిచిపోతాడా? ఒక్కరన్నా నా మొగం చూసి మాట్లాడల్ల నాతో."

మొదటిసారి మొగం ఎర్రగా కందిపోయి, తర్వాత తేలికపడింది. నెలకొకసారి పోతా ఉంటే గుంటలు ఒక్కొక్కటే పూడుకుంటా వచ్చినాయి. చెన్నప్ప వేళ్ళు బుగ్గ మీద ముందరికంటే ఎక్కువసేపు తిరిగేవి. రేణు వాని వేలు పట్టుకుని ముక్కు పక్క గుంట మీద పెట్టేది. అప్పుడు "అమ్మా" అనేవాడు.

ఓనరు ఆమెను ముందర కౌంటరుకు పిలిచినాడు. సూళగిరి నుంచి వచ్చిన ఒకామె చీర భుజానేసుకుని, నేరుగా రేణు కండ్లలోకి చూసి, "ఈ రంగు నాకు ఒప్పుతుందామ్మా?" అని అడిగింది. ఆ దినమంతా రేణుకు ఆకలి కాలేదు.

కడపటిసారి సుధామణి రోలరు ఆపింది. "ఈ పెద్దదాన్ని వదిలేద్దామా అక్కా?"

రేణు అద్దంలో చానాసేపు చూసుకునింది. "తీసెయ్" అనింది.

ఆ గుంట కూడా పూడిన సాయంత్రం చెన్నప్ప వచ్చినాడు. నొసలు తడిమినాడు, బుగ్గలు తడిమినాడు. రేణు వాని వేలు పట్టుకుని ముక్కు పక్కన అదిమింది. వాడు చెయ్యి లాక్కుని, "మా అమ్మ లేదు" అనినాడు. ఆమె అరిచినా వానికి వినపడదు కదా. అడుగులు సందు దాటి, హోసూరు రోడ్డు మీదికి పోయినాయి.

మరుసటి దినం నుంచి రాలేదు. "బెంచీ జరిపి పెట్టుకునే ఉండానే" అనినాడు మారియప్ప, దిక్కులు చూస్తా.

ఒక సాయంత్రం అంగడి నుంచి బస్టాండుకు వస్తా ఉంటే, పార్లరు మేడ మీద వాని నవ్వు వినిపించింది. రేణు పరుగున మెట్లెక్కింది. సుధామణి లైటు వేసుకోకుండా కూర్చుని, ఎడమ చెయ్యి ఒళ్ళో చాపుకుని ఉండాది.

"నేను పిలవలేదక్కా. వాడే వచ్చి, చెయ్యి తడిమి, అమ్మా అనినాడు. కాదని చెప్పినా. వినపడలా."

"ముండ్లు లోతుగా దించు. నాకు మళ్ళీ గుంటలు పెట్టు."

"పెట్టినా అవే వస్తాయా?" అనింది సుధామణి. ఆమె రేణు మొగం చూడలేదు.

రేణు కింద కూలబడి, బుగ్గను సుధామణి చెయ్యి పక్కకు చేర్చింది. వాని వేళ్ళు చుక్కల మీద నడుస్తా నడుస్తా నున్నటి బుగ్గ మీదికి జారినాయి. తడి తగిలి నిలిచిపోయినాయి.

"అమ్మా, ఈయమ్మ ఎవురు? ఏడుస్తా ఉంది" అని అడిగినాడు.

చెప్పినా వినపడదు. ఇద్దరూ చెప్పలేదు.

ఇప్పుడు సాయంత్రమైతే పార్లరులో లైటు వెయ్యరు. పగలంతా అందరూ మొగం చూసి మాట్లాడే రేణు, అప్పుడు వచ్చి కింద కూర్చుంటుంది. చెన్నప్ప ఒకసారి చెయ్యి చాపి, ఎవురో అనుకుని ఆమె కండ్లు తుడిచి, మళ్ళీ వాళ్ళమ్మ దగ్గర ముడుచుకుంటాడు.