కిటికీ పక్క సీటు

మ్వాంజా విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరి అమ్మాయి మళ్లీ అదే మాట చెప్పింది.

"సీట్లు లేవక్కా. ఇక రేపే."

కబులా కౌంటరు వదిలి కదల్లేదు. పొద్దున్నే మరిది దారెస్సలాం నుంచి ఫోను చేశాడు. చెల్లెలు మింజాకు కాన్పయింది, బిడ్డ క్షేమమే, తల్లికే రక్తస్రావం ఆగలేదు. ఆమెది అరుదైన గ్రూపు. ఆసుపత్రిలో దొరికినంతా ఎక్కించేశారు, ఇంకా కావాలి. కబులాదీ అదే గ్రూపు. చేపల బజారులో తోటి ఆడవాళ్లు చేతిలో ఉన్నదంతా పోగుచేసి, టిక్కెట్టుకని ఆమె చెంగున ముడివేసి పంపారు. బస్సులో వెళ్తే ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోతాయి. విమానంలో గంటన్నర.

"గంటన్నర దూరమే కదమ్మా," అంది కబులా. చెల్లెలి సంగతంతా చెప్పింది.

ఆమె వెనకే లుహెండే అనే ముసలాయన నిలబడి ఉన్నాడు. ఊరిని ఆనుకున్న సరస్సు మీద తిరిగే పడవల ఇంజన్లు బాగుచేస్తూ బతికినవాడు. దారెస్సలాంలో ఉన్న కూతురు టిక్కెట్టు కొని పంపితే, జీవితంలో తొలిసారి విమానమెక్కడానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"నా సీటు ఈవిడకిచ్చెయ్యమ్మా," అన్నాడు.

"మీ డబ్బు వెనక్కి రాదు తాతా."

"నేనడిగానా?"

కబులా ఆయన వైపు తిరిగింది. "మీ అమ్మాయి ఎదురుచూస్తుంటుందేమో బాబాయ్."

"చూస్తుంది. బస్సులో వచ్చానని తిడుతుంది కూడా. నా మనసు మారకముందే నువ్వు కదులు."

మధ్యాహ్నానికల్లా ఆమె రక్తం చెల్లెలి ఒంట్లోకి ఎక్కుతోంది. పొద్దుగూకేవేళకు మింజా కళ్లు తెరిచి, మంచినీళ్లడిగింది. మరిది గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

మర్నాడు కబులా బస్టాండుకు వెళ్లి నిలబడింది. లుహెండే రెయిలింగు పట్టుకుని దిగాడు. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. చొక్కా నలిగి ముద్దయింది. ఆమెను చూడగానే అక్కడే ఆగిపోయాడు.

"చెల్లెలు?"

"బతికింది బాబాయ్."

ఆయన నలిగిన చొక్కాను చేత్తో సాపు చేసుకున్నాడు. "మరి పైనుంచి సరస్సు ఎలా ఉంది?"

"చూడలేదు. దిగేదాకా కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నా."

"కిటికీ పక్క సీటిస్తే కళ్లు మూసుకున్నావా? నిన్ను బస్సులోకి తోసి నేనే విమానమెక్కాల్సింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే కబులాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. మోకాళ్లు వంచి, పెద్దలకు పెట్టే దండం పెట్టింది. పక్కనున్న హోటల్లోకి తీసుకెళ్లి, టీ, చపాతీలు చెప్పింది. హోటలువాడు తెచ్చిన చెంబు అందుకుని, ఆయన చేతుల మీద తనే నీళ్లు పోసింది.