మంట తగ్గిన పాదం

మార్కాపురం బజారులో నాగభూషణరావుకు ఒక కిరాణా కొట్టుంది. కొట్టుకు ఒక త్రాసు, త్రాసుకు రెండు పళ్లేలు, ఆ పళ్లేల్లో పట్టేటంత సిద్ధాంతం ఒకటీ ఉన్నాయి. ఏ బరువుకైనా ఎదురుబరువు పెడితే ముల్లు మధ్యకు రావలసిందే. ఆరేళ్ల కిందట షుగరొచ్చినప్పుడు కూడా ఆయన బెంబేలెత్తలేదు. చక్కెర అమ్మేవాడికి రాక ఇంకెవరికొస్తుందని నవ్వి, మాత్రలు మింగాడు, మైసూర్‌పాకులూ మింగాడు. ఏడాదిగా అరికాళ్లలో మంటలు. తడిగుడ్డ చుట్టుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు.

కూతురు గాయత్రి ఊళ్లోనే ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఒక ఆదివారం భోజనాల దగ్గర, నేరేడు, ఉసిరి, దానిమ్మ వంటి పళ్లలో పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఉంటాయని చెప్పింది. షుగరు వల్ల నరాలకు, కళ్లకు, కిడ్నీలకు జరిగే చెరుపును అవి కొంత అడ్డుకోవచ్చని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో కనిపించిందట. పాలీఫినాలా, ఫినాయిలా అని ఆయన వేళాకోళం చేశాడు గానీ చెవి మాత్రం అటే పడేశాడు. మనుషుల్లో రుజువులు ఇంకా తక్కువేనని, మాత్రలు మానకూడదని ఆమె చెప్పిన రెండో సగం వచ్చేసరికి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. వినాయకుడి వాహనానికి పనిచేసింది, ఏటేటా ఆ వినాయకుడికి ఉండ్రాళ్లు పెట్టేవాడికి పనిచెయ్యదా?

పెద్దదోర్నాల నుంచి ఒక బస్తా నేరేడు గింజలు తెప్పించి పొడి కొట్టించాడు. కౌంటరు కింద చిన్న త్రాసు ఒకటి దాచుకున్నాడు. ఒక పళ్లెంలో మైసూర్‌పాకు ముక్క, రెండో పళ్లెంలో నేరేడు పొడి. ముల్లు మధ్యకు రాగానే రెండూ నోట్లోకి. తూకం సరిపోయాక మాత్రతో పనేముంది? అందుకే అన్నిటికన్నా ముందు మందు మానేశాడు. ఆ సంగతి భార్య మహాలక్ష్మికీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. నేరేడులో నేరమేమీ లేదు. నేరమంతా ఆ త్రాసుది.

మూడు నెలలకు అరికాళ్ల మంట ఆగిపోయింది.

ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం? పప్పుకొచ్చినవాళ్లకూ ఉప్పుకొచ్చినవాళ్లకూ పాలీఫినాల్ పురాణమే. ఇప్పుడు కొట్లో నడుస్తుంటే బండల మీద దూది పరిచినట్టు ఉంటోందని, అదీ పొడి మహిమేనని చెప్పేవాడు. ఆ బండల మీద చెప్పులతో ఎవరూ తిరగరు. లక్ష్మీదేవి కొలువుండే చోటని, చెప్పులు గడప బయటే వదలాలని తండ్రి పెట్టిన కట్టుబాటు.

ఒక రోజు పొద్దున బడిపిల్లల పలకల పెట్టె ఒకటి విప్పితే విరిగిన పలకల పెచ్చులు నేల మీద రాలాయి. రాచర్లలో గొర్రెలూ మేకలూ మేపుకునే మాలకొండయ్య సరుకులకు వచ్చాడు. నాగభూషణరావు కందిపప్పుకు లోపలికీ నూనెకు బయటికీ తిరుగుతూ పురాణం అందుకున్నాడు. మాలకొండయ్య మాత్రం నేలకేసి చూస్తున్నాడు. పప్పు బస్తా దాకా పోయిన ఎర్రటి అడుగులు, తిరిగొచ్చిన ఎర్రటి అడుగులు.

"అన్నా, కుంకుమ ఏమన్నా ఒలకబోసినావా?"

పాదం ఎత్తి చూస్తే బొటనవేలి మొదట్లో పలక పెచ్చు సగం దిగి ఉంది. మాలకొండయ్య ఆయన్ని బియ్యం బస్తా మీద కూర్చోబెట్టి దాన్ని లాగేశాడు. నాగభూషణరావు వేరెవరి కాలో చూస్తున్నట్టు చూశాడు.

"మేకకు ముల్లు దిగితే ఆడనే నిలబడి కాలెత్తుతాది. నువ్వు నేనొచ్చినప్పట్నించీ తిరుగుతానే ఉండావు. నీకు తెల్లేదా అన్నా?"

మాలకొండయ్యే పరుగున పోయి ఇంట్లో చెప్పాడు.

గాయత్రి ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు ఆయన్ని కళ్లు మూసుకోమని, అరికాలికి సన్నటి దారం లాంటిది ఆనిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని అన్నాడు. నాగభూషణరావు చాలాసేపు ఓపిక పట్టాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా సార్?"

కళ్లు తెరిచాడు. డాక్టరు దారాన్ని తిరిగి పెట్టెలో పెడుతున్నాడు. గాయత్రి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మంట తగ్గలేదని, మంటను చెప్పే నరమే మూగబోయిందని డాక్టరు వివరించాడు. పోయిన స్పర్శ మళ్లీ రాకపోవచ్చు. బొటనవేలు నిలుస్తుందో లేదో మూడు వారాలు చూడాలి. మాత్రలు మానినట్టు అక్కడే ఒప్పుకోవలసి వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయనే నోరు విప్పాడు. "పొడి పారబోయాల్నా అమ్మా?"

"పొడి నీకొద్దులే నాయనా. నేరేడు కాలంలో నాలుగు పండ్లు తిను, మంచిదే. మాత్రతో పాటు తిను, మాత్రకు బదులు తినొద్దు. మైసూర్‌పాకుకు ఎదురుబరువు యాడా లేదు."

మూడు వారాలకు పుండు మానింది, వేలు నిలిచింది. మళ్లీ కొట్టు తెరిచిన రోజు, గాయత్రి కొనిచ్చిన మెత్తటి చెప్పులతో గడప దాకా వచ్చి, అలవాటుగా విడిచాడు. లోపలికి అడుగు వెయ్యబోతూ ఒట్టికాలు ఎత్తాడు. ఎదురుగా గోడ మీద తండ్రి ఫొటో. నేల మెత్తగా ఉందిరా అని నాయన కూడా చివరి ఏళ్లలో అనేవాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాటకు ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ తర్వాత ఒక కాలు తీసేస్తే ఆ ముసలాయన మంచాన పడ్డాడు, మళ్లీ కొట్టు మొహం చూడలేదు.

నాగభూషణరావు ఎత్తిన కాలు దించి చెప్పులు తొడుక్కున్నాడు. తండ్రికి ఒక దండం పెట్టి, వాటితోనే గడప దాటాడు.

కౌంటరు కింద చిన్న త్రాసు పోయి, ఆ చోటుకు చేతి అద్దం వచ్చింది. మాలకొండయ్య వచ్చేసరికి ఆయన దాన్ని అరికాలికి ఎదురుగా పెట్టి చూసుకుంటున్నాడు. మొహం చూసుకునేదానికి ఇంత కింద పెట్టుకున్నావేందని మాలకొండయ్య అడిగితే, కాలు బాగుంటేనే కాలం బాగుంటుందన్నాడు. పాత నాగభూషణరావు కొంత తిరిగొచ్చినట్టే.

మాలకొండయ్య ఎప్పటిలాగే గడప బయట చెప్పులు విడుస్తున్నాడు.

"తొడుక్కొనే రా కొండయ్యా. ఇప్పుడు అందరికీ సెలవిచ్చినా."

"ఉండనీలే అన్నా," అన్నాడు మాలకొండయ్య. "నా కాళ్లకు నేల ఇంకా తగులుతాది."

ఒట్టికాళ్లతోనే లోపలికొచ్చాడు.