ఇచ్చంపల్లి రాళ్ల నడుమ రేకు పడవ

జలీల్ చేసే రేకు పడవలో చిన్న డబ్బా, దానికి రెండు సన్నటి గొట్టాలు ఉంటాయి. గొట్టాల్లో నీళ్లు పోసి, డబ్బా కింద నూనె వత్తి వెలిగిస్తే ఆవిరి పుట్టి, పడవ టకటకమంటూ ముందుకు పోతుంది. నా భార్య కౌసల్య తన బడిపిల్లల కోసం ఏటా మానుకోట వెళ్లి ఈ పడవలు తెచ్చేది. ఆమె పోయాక కూడా నేను జనగామ నుంచి జలీల్ దుకాణానికి పోతూనే ఉన్నాను. అక్కడ నేను ఎత్తకుండానే ఆమె మాట వస్తుంది.

పోయిన నెల జలీల్ చూపు ఆనక, వేడి టంకంతో బొటనవేలు కాల్చుకున్నాడు. భార్య రషీదా బేగం నా ఎదుటే కట్టు కడుతూ కసిరింది.

“డెబ్బయేండ్లొచ్చినయి. ఇగ బంద్ చెయ్యి జీ.”

“చేతులు ఊకుంటయా బేగం?”

“గోదారిల ఇచ్చంపల్లి రాళ్లకాడ దొరల పొగ పడవలకే తొవ్వ దొరకలేదంట. నీ డబ్బా గక్కడ ఎదురెక్కితే చేసుకో. లేకుంటే పనిముట్లు ఆమెర్‌కిచ్చి ఇంట్ల కూసో.”

ఆమెర్ వాళ్ల కొడుకు. ఆమె కోపంలో అన్నదే గాని, జలీల్ దాన్ని ఒప్పందం కింద పట్టుకున్నాడు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కనుక తీర్పు నాదన్నాడు.

మాఘంలో నీళ్లు తగ్గాక ముగ్గురం నా కారులో బయలుదేరాం. భూపాలపల్లి దాటి, అడవి దారిన గోదావరి ఒడ్డు చేరాం. చేపలు పట్టే ఎల్లస్వామి తన పడవ ఎక్కించుకున్నాడు. అడుగున చెమ్మగా ఉంటే, అడగకుండానే తన తువ్వాల మడిచి రషీదా కూర్చునే చోట వేశాడు. ఆమె రెండు చేతులా పడవ అంచు పట్టుకుని దువా చదువుతోంది.

“జర నిమ్మలంగ కూసో అవ్వా.”

“నాకు ఈత రాదు బిడ్డా.”

“నాకొస్తది గద!”

“నీకొస్తె నాకేం లాభం?”

ముందుకు పోయినకొద్దీ నల్లరాళ్లు రెండు వైపులా దగ్గరయ్యాయి. వాటి మీద వరద వదిలిన చారలు మా తలలకు చాలా ఎత్తున ఉన్నాయి. ఆంగ్లేయులు పత్తి తీసుకుపోవడానికి ఈ నదిలో పొగ పడవలు నడపాలనుకున్నారు. ఈ రాళ్లు అడ్డమొస్తే, పక్కనుంచి కాలువ తవ్వడం మొదలుపెట్టి సగంలో వదిలేశారు. గట్టున దిగగానే జలీల్ ఒక చెక్కిన రాయిని వేళ్లతో తడిమాడు.

“ఉలి దెబ్బ జూడు సార్. నిన్న కొట్టినట్టుంది.”

“ముందుగాల నీ పని జూడు” అంది రషీదా.

రెండు బండల మధ్య మోకాలి లోతున నీళ్లు పారే చోట జలీల్ వంగి కూర్చున్నాడు. ఒక అగ్గిపుల్ల వత్తిని చేరకముందే ఆరిపోయింది. ఇంకొకటి గాలికి పోయింది. అతను మళ్లీ గీయబోతుంటే, ఓడిపోవాలని కోరుకోవలసిన రషీదాయే వచ్చి కొంగు అడ్డం పట్టింది. వత్తి అంటుకుంది.

పడవ టకటకమంటూ కదిలింది. ఒక జానెడు పోయింది. మరో మూరెడు పోయింది. నీళ్లు జోరందుకునే చోటికి రాగానే ఆగిపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు.

“పోతుంది, పోతుంది” అన్నాడు జలీల్.

“పోతలేదు తాతా. నిలబడ్డది” అన్నాడు ఎల్లస్వామి.

ముగ్గురూ నా వైపు చూశారు. అబద్ధం చెప్పాలనిపించింది. కానీ జలీల్ ఎన్నడూ నాకు పగులు పడవ అంటగట్టలేదు.

“ఎక్కలేదు జలీల్” అన్నాను.

అతను తలూపి, కట్టు కట్టిన వేలి వైపు చూసుకున్నాడు. రషీదా గయ్యిమని నా మీదికే లేచింది.

“ఏం తీర్పు సార్ గిది? గన్ని నీళ్లు మీదవడి గుంజుతుంటే అగ్గిపెట్టెంత డబ్బా ఇంచు గూడ ఎనకకు రాలే. గది గనబడతలేదా మీకు?”

“ఒప్పందం ఎక్కాలని గద బేగం” అన్నాడు జలీల్.

“ఒప్పందం పెట్టింది నేను. నాకు తెల్వదా?”

అంతలో వత్తి ఆరింది. పడవ గిర్రున తిరిగి కిందికి కొట్టుకుపోసాగింది. ఎల్లస్వామి లేచేలోపే రషీదా నీళ్లలో దిగి దాన్ని అందుకుంది. అంచు కాలితే కొంగుతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

“డబ్బా చిన్నగైంది. జర పెద్దగ చెయ్యి. అద్దాలు పెట్టుకోవాలె. నేను పక్కన కూసుంట.”

“సార్, మీ తీర్పు కొట్టేసిన్రు” అని ఎల్లస్వామి నవ్వాడు. ఓడిపోయినందుకు నాకు ప్రాణం హాయిగా ఉంది.

తిరిగి వస్తుంటే జలీల్ పడవలోనే వంగి, ఆమె చీర తడి కుచ్చిళ్లు పిండసాగాడు.

“నలుగురు జూస్తున్నరు జీ” అని రషీదా కసిరింది. కాలు మాత్రం జరపలేదు.