దీవికి మూడో డ్రిల్

ఆఫీసుల్లో ఆయన్ని ఈల మాస్టారంటారు. మంటలు లేస్తే జనం ఎలా బయటపడాలో నేర్పించే కంపెనీలో ఉద్యోగం. చెప్పాపెట్టకుండా వెళ్ళి ఈల ఊదుతాడు. నాలుగంతస్తుల వాళ్ళూ మెట్లు దిగి, గేటు బయట పసుపు గీత మీద నిలబడతారు. ఎన్ని నిమిషాల్లో దిగారు, ఎవరు లిఫ్టెక్కారు, ఎవరు టీ కప్పు వదల్లేక దాంతో సహా దిగారు, అన్నీ రాసుకుని సాయంత్రానికి రిపోర్టిస్తాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇంతవరకూ మంటన్నది స్టవ్ మీద తప్ప చూడలేదు.

"స్టవ్ మీదైనా చూసింది నేను," అంటుంది ఆయన భార్య. "ఆయన చూసింది కంచం."

ఆమెది కళ్ళజోళ్ళ షాపులో పని. ఫ్రేము కాడల్ని వేడిగాలి పెట్టి మెత్తబరుస్తుంది, చెవి వెనక్కి వంపు తిప్పుతుంది, ముక్కు మీద జారకుండా సరిచేస్తుంది. సెలవుల ముందు నల్ల కళ్ళద్దాల గిరాకీ. కొనేవాళ్ళు అద్దంలో చూసుకుంటూ ఏ దీవికి వెళుతున్నారో, ఎన్ని రోజులుంటారో చెబుతారు. పదకొండేళ్ళుగా వింటోంది. ఏ ఒడ్డున కెరటాలెక్కువ, ఏ హోటల్లో మెట్లెక్కువ అన్నది వెళ్ళొచ్చినవాళ్ళ కన్నా ఆమెకే బాగా తెలుసు. చూడటం ఒక్కటే తక్కువ.

మూడేళ్ళ కిందట ఇంట్లో మాట ఎత్తింది. "మనమూ ఒకసారి వెళదామండీ."

ఆయన కాదనలేదు. ఆయన దేన్నీ కాదనడు. ఫైలు తెరుస్తాడు.

ఆ ఏడు ఒక ఆదివారం పొద్దున్నే హాల్లో ఈల మోగింది. ఇల్లు వదిలి పెట్టెలతో కింద గేటు దాకా రావాలి, అదీ డ్రిల్. అత్తగారు ఆ టైముకి బాత్రూంలో ఉంది. ముప్ఫై ఒక్క నిమిషాలు పట్టింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు," అన్నాడాయన, స్టాప్‌వాచ్ చూపిస్తూ.

"నీ చేతులెప్పుడు కాలాయిరా?" అంది ఆయన తల్లి. "పుట్టిన దగ్గర్నుంచీ ఆకులు పట్టుకునే తిరుగుతున్నావు."

రిపోర్టులో 'కుటుంబం సిద్ధంగా లేదు' అని రాసి ప్రయాణం వాయిదా వేశాడు.

రెండో ఏడు పడవ డ్రిల్. సోఫా పడవ. నేల సముద్రం. లైఫ్ జాకెట్లు కంపెనీ నుంచి తెచ్చాడు. ఈల ఊదగానే అందరూ దూకి, తలుపు దగ్గర చేరాలి. కూతురు దూకింది. ఆమె దూకింది. అత్తగారు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, పడవ మునిగిపోతోంది."

"నాకిక్కడ బాగానే ఉందిరా. మీరు మునగండి."

తొమ్మిది లోపాలు తేలాయి. మళ్ళీ వాయిదా. 'మునిగే పడవ దిగుటకు నిరాకరణ' అని ఒక పేజీ మొత్తం అత్తగారి మీదే రాశాడు. ఆవిడ దాన్ని మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుంది.

ఈ ఏడు అత్తగారు కళ్ళద్దాలు మార్చాలంటే ఆమె తన షాపుకే తీసుకెళ్ళింది. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టింది. అత్తగారు ప్రతి వరసలోనూ మొదటిదీ చివరిదీ చదివి, మధ్యవి వదిలేస్తోంది.

"మధ్యవో అత్తయ్యా?"

"మధ్యలో ఏమున్నాయే? చెరిపేశారుగా."

లెన్సు మార్చింది. ఇంకోటి మార్చింది. ఎనిమిది మార్చాక ఆపేసింది. మర్నాడు కంటి డాక్టరు పరీక్షించి చెప్పింది. చూపు నడిమి నుంచి పోతోంది, అంచులు మిగులుతాయి. ఏడాది పట్టచ్చు, ఆరు నెలలే పట్టచ్చు. అద్దాలతో బాగయ్యేది కాదు.

బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"అంటే ఎదురుగా ఉన్నది కనపడదు, చుట్టూ ఉన్నది కనపడుతుంది. అంతేగా?" అంది అత్తగారు.

"అంతే అత్తయ్యా."

"ఇంకేం మరి. మీ ఆయన్ని ఒడ్డున నిలబెట్టి చూస్తా. వాడు కనపడడు, సముద్రం కనపడుతుంది."

ఇద్దరూ నవ్వారు. పక్కన కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. నవ్వయ్యాక అత్తగారు చీర అంచుతో మూతి తుడుచుకుని, "డెబ్బై నాలుగొచ్చాయి. ఒక్కసారి చూళ్ళేదే నేను సముద్రం," అంది.

సాయంత్రం ఆమె భర్తకి చెప్పింది. ఆయన తల్లి మంచం మీద కూర్చుని కాసేపు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత లేచి ఈ ఏటి ఫైలు తెచ్చి రాశాడు. లోపం నంబరు ఏడు: సీనియర్ సభ్యురాలి దృష్టి. వచ్చే ఏడాది తిరిగి పరిశీలించాలి.

"వచ్చే ఏడాదికి పరిశీలించడానికి ఏం మిగులుతుందండీ?"

"కంగారు పడకు. కంగారులోనే తొక్కిసలాట మొదలవుతుంది. మూడో శనివారం పొద్దున డ్రిల్ పెడదాం. పెట్టెలూ, టాక్సీ, అన్నీ నిజంవే. ఫలితం చూసి మాట్లాడుకుందాం."

మర్నాడు ఆయన ఒక సినిమా హాలుని ఖాళీ చేయించడానికి వెళ్ళాడు. ఆమెకి వారపు సెలవు. ఫైలు బల్ల మీదుంది. తెరిచింది.

అరవై నాలుగు పేజీలు. హోటల్లో మెట్లెన్ని, ఆస్పత్రి ఎంత దూరం, జెల్లీఫిష్ కుడితే ఏం చెయ్యాలి, కొబ్బరిచెట్టు కింద ఎందుకు కూర్చోకూడదు. మనిషికింత సరదా అన్న లెక్క తప్ప అన్నీ ఉన్నాయి. ఒప్పుకోవాలి, పని మాత్రం పనిలాగే చేశాడు. యాభై రెండో పేజీ నుంచి సామాన్ల జాబితాలు. తల్లికొకటి. భార్యకొకటి. కూతురికొకటి. తర్వాత పేజీ తిప్పింది. అక్కడ ఫోన్ నంబర్లున్నాయి. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది. హోటల్ గది చూసింది: మంచాలు మూడు. విమానంలో సీట్లు: మూడు. పాత ఫైళ్ళు అటక మీద నుంచి దించి చూసింది. మొదటి ఏడూ మూడే. రెండో ఏడూ మూడే.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగా అడిగింది. "మీ జాబితా ఏదండీ?"

"నాకెందుకు? డ్రిల్ నడిపేవాడు డ్రిల్లో పాల్గొనకూడదు. గేటు దగ్గర నిలబడాలి. అది రూలు."

"డ్రిల్‌కి సరే. దీవికో?"

ఆయన రెండో చెప్పు విప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. మొనలు కలిశాయో లేదో చూశాడు. "ముందు డ్రిల్ కానీ," అన్నాడు.

మూడేళ్ళుగా తాము సిద్ధంగా లేమనే అనుకుంటూ వచ్చింది. అత్తగారికి బాత్రూం ఆలస్యమనీ, కూతురు ఫోన్ వదలదనీ, తను చీరలు ఎక్కువ పెడుతుందనీ. ఇంట్లో వెళ్ళాలని లేనివాడు ఒక్కడే, ఆ ఒక్కడే మిగతావాళ్ళకి మార్కులేస్తున్నాడు. చిలవలు పలవలుగా రాసిన అరవై నాలుగు పేజీల అర్థం అదే.

మర్నాడు భోజనాల టైములో షాపు పక్కనున్న టూర్ ఆఫీసుకి వెళ్ళింది. కుర్చీలో కూర్చున్నాయన బ్రోచరు తిరగేయబోతే వద్దంది. దీవి పేరు, హోటల్ పేరు, కిటికీ ఏ వైపుండాలో తనే చెప్పింది. మూడో శనివారం, పదకొండూ ఇరవై విమానం, అయిదు రోజులు.

"ఎంతమందమ్మా?"

పొద్దుట్నుంచీ మూడనే అనుకుంటూ వచ్చింది. నాలుగంది. ఆయన సెలవులు ఎలాగూ వాడక మురిగిపోతున్నాయి.

శుక్రవారం అత్తగారికీ కూతురికీ చెప్పింది. అత్తగారు మారుమాట్లాడకుండా లేచి పెట్టె తాళం వెతుక్కోవడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళ కూతురు మాత్రం అడిగింది. "నాన్నకి చెప్పవా అమ్మా?"

"టాక్సీ ఎక్కే ముందు చెబుతా. ఇప్పుడే చెబితే నాలుగో ఫైలు తెరుస్తారు."

"మోసం కదూ?"

"మీ నాన్న చెప్పి ఊదుతాడటే ఈల?" అంది అత్తగారు, తాళం దొరికాక.

శనివారం ఏడున్నరకి ఈల మోగింది. అత్తగారు బాత్రూంలో లేదు. ఏడింటి నుంచీ చెప్పులేసుకుని తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. కూతురు గ్యాస్ కట్టేసింది, కిటికీలు వేసింది. ఆమె తాళం చెవి పొరుగింటావిడకి ఇవ్వబోయి, ఇల్లు ఖాళీగా ఉండకపోవచ్చని గుర్తొచ్చి మానేసింది. పెట్టెలు నాలుగు దిగాయి. నాలుగోది ఆమె రాత్రే సర్దింది, ఆయన చొక్కాలు మూడూ, ప్యాంట్లు రెండూ. గేటు దగ్గర టాక్సీ డిక్కీ తెరుచుకుని ఉంది.

ఆయన పసుపు గీత లేని చోట కూడా ఉన్నట్టే నిలబడి, స్టాప్‌వాచ్ నొక్కాడు. "ఆరు నిమిషాల నలభై సెకన్లు!" అన్నాడు. "ఆఫీసుల్లో కూడా ఇంత టైము చూళ్ళేదు నేను."

ఆమె ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఏమండీ, ఇది డ్రిల్ కాదు. నిజంగానే వెళుతున్నాం. పదకొండూ ఇరవైకి విమానం. మీ టికెట్టుంది, మీ పెట్టె డిక్కీలో ఉంది. ఎక్కండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కాగితం మీద ఏదో రాశాడు.

"భేష్," అన్నాడు. "కనురెప్ప కూడా వెయ్యకుండా చెప్పావు. డ్రిల్ అంటే ఇలా ఉండాలి. పదికి పది."

"నాన్నా, నిజం నాన్నా," అంది కూతురు.

"నీకూ పది."

అత్తగారు అప్పటికే ముందు సీట్లో బెల్టు పెట్టించుకుంది. అద్దం దించి, "అబ్బాయ్, ఎక్కుతావా ఎక్కవా?" అంది.

"నేను గేటు దగ్గరుండాలమ్మా. మీరు రోడ్డు చివరిదాకా వెళ్ళి తిరిగి రండి. వచ్చే టైము కూడా రాసుకుంటా."

ఆమె ఇంకోసారి చెప్పబోయింది. టాక్సీ డ్రైవరు, "అమ్మా, ఎయిర్‌పోర్టు రోడ్డు జామవుతుంది," అన్నాడు. ఆయన దానిక్కూడా తల ఊపి ఏదో రాసుకున్నాడు. డ్రైవరుకి ఎన్ని మార్కులొచ్చాయో తెలీదు. ఆమె డిక్కీలోంచి నాలుగో పెట్టె తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, టికెట్టు కాగితం దాని పట్టీలో దూర్చి, టాక్సీ ఎక్కింది.

ఎనిమిదీ ముప్పావుకి ఫోనొచ్చింది. అప్పటికి వాళ్ళు లోపల అత్తగారికి చక్రాల కుర్చీ అడుగుతున్నారు.

"రోడ్డు చివర ఏమైంది? గంట దాటింది."

"ఎయిర్‌పోర్టులో ఉన్నామండీ. మీ కాళ్ళ దగ్గర పెట్టెకి కాగితం ఉంది చూడండి."

కాగితం చప్పుడు వినపడింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నిజంగా మంట లేచింది, ఆయన గేటు దగ్గరే ఉన్నాడు.

"ఇది... నిజమా?"

"నిజమే. గేటు పదకొండుకి మూస్తారు. ఇంటి నుంచి నలభై నిమిషాలు. పెట్టె సర్దే ఉంది. టాక్సీ పిలిచి రండి."

"జాబితా లేకుండా సర్దావా?"

"రండి ముందు."

"ఒక్కసారి తీసి చూస్తా. ఏముందో తెలీకుండా ఎలా?"

తొమ్మిదింబావుకి ఆమె ఫోన్ చేసింది. షేవింగ్ సెట్ లేదన్నాడు. పది గంటలకి చేసింది. జాబితా రాయడానికి పేజీకి గీతలు కొడుతున్నానన్నాడు. పదిన్నరకి ఆయనే చేశాడు. పద్నాలుగో నంబరు దాకా వచ్చిందట, గొడుగు రాయాలా వద్దా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోగా అత్తగారు ఫోన్ అడిగి తీసుకుంది.

"ఒరేయ్ నాన్నా, గొడుగు రాసుకో. చెప్పులు రాసుకో. అన్నీ రాసుకో. భయమేసినా ఫర్వాలేదురా, చెప్పచ్చుగా ఆ మాట? మూడేళ్ళు మమ్మల్ని సోఫాలెందుకు దూకించావు?"

అటు నుంచి ఏం వచ్చిందో ఆమెకి వినపడలేదు. అత్తగారు "సరే, సరే, తిను వేళకి," అని ఫోన్ ఇచ్చేసింది. పదకొండుకి గేటు మూశారు. నాలుగో సీట్లో కూతురు తన సంచీ పెట్టుకుంది.

హోటల్‌కి చేరేసరికి మూడున్నర. పెట్టెలు గదిలో పడేసి ఒడ్డుకి వెళ్ళారు. అత్తగారు చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, ఒక చెయ్యి మనవరాలి భుజం మీద, ఒక చెయ్యి కోడలి మణికట్టు మీద వేసి, చీలమండల దాకా నీళ్ళలోకి దిగింది. కెరటం వచ్చి కాళ్ళ కింద ఇసుక లాక్కుపోయింది. ఆవిడ పట్టు బిగించింది. వెనక్కి మాత్రం జరగలేదు. మొహం ఒక పక్కకి తిప్పింది, తర్వాత రెండో పక్కకి. షాపులో అక్షరాల కోసం తిప్పినట్టే, కానీ ఇక్కడ తొందరేమీ లేదు.

చాలాసేపైంది. కూతురు ఫోటోలు తీయడం కూడా మానేసింది.

"ఎలా ఉందత్తయ్యా?" అంది ఆమె, ఉండబట్టలేక.

"మాట్లాడించకే," అంది అత్తగారు. "ఇంకా చూడటం అవలేదు."