ఫొటోకు బిగించిన సైకిల్

ఫిలింనగర్‌లో పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్లు రెండు రకాలు. పనికి వెళ్తూ తొక్కేవాళ్లు మొదటి రకం. వాళ్లనెవరూ ఫొటో తీయరు. రెండో రకంలోకి సుబ్రహ్మణ్యం ఈ మధ్యే చేరాడు.

శ్రీనగర్ కాలనీలో కాపురముండే సుబ్రహ్మణ్యం పాతికేళ్లుగా మేకప్‌మ్యాన్. డాక్టరు పొట్ట తగ్గించమంటే సైకిల్ కొన్నాడు. కొన్నాక ముందుగా చేసిన పని తొక్కడం కాదు, భార్య పుష్పవల్లి చేత పక్కనుంచి ఫొటో తీయించుకోవడం. అందులో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్‌లా వచ్చాడు. మొహాలు దిద్దే మనిషి కదా, ఊరుకోలేదు. హ్యాండిల్ దించాడు. సీటు లేపి, దాని ముక్కు కిందికి వంచాడు. ఇరవయ్యో ఫొటోలో పందేనికి వెళ్తున్న వీరుడిలా వచ్చాడు. దాన్ని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే నలభై ఒక్క బొటనవేళ్లు లేచాయి. లిఫ్టు బాగైన రోజు కూడా అన్ని లేవలేదు.

మూడు వారాలకు సుబ్రహ్మణ్యం అరచేతులు మండసాగాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి. మెత్తటి గ్లౌజులు కొన్నాడు, పట్టీ కట్టాడు, మూడు రకాల మందులు పూసుకున్నాడు. సైకిల్‌ని మాత్రం ముట్టుకోలేదు. ఫొటో పాడవుతుంది.

"చేతికేమైందండీ? కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు, తీర్థంలాగా" అంది పుష్పవల్లి.

"ఏం లేదు. కండ పెరుగుతోంది."

"ఎక్కడండీ, చిటికెన వేల్లోనా?"

చదువరులారా, నవ్వకండి. మనలో చాలామందికి నొప్పి కంటే, నొప్పి ఉందని నలుగురికీ తెలియడమే పెద్ద బాధ.

ఆ రోజుల్లో సుబ్రహ్మణ్యం ఒక పౌరాణిక సీరియల్‌కి పనిచేస్తున్నాడు. రాక్షసరాజు వేషం వేసే కమలాకర్‌కి రోజూ ఒకే చోట, ఒకే వంపుతో మీసం అతికించాలి. ఒకరోజు భోజనాలయ్యాక మళ్లీ అతికిస్తుంటే వేళ్లకి స్పర్శ తెలియలేదు. మీసం ఒక కొస చెవి వైపు బయలుదేరింది.

మర్నాడు దర్శకుడు పిలిచాడు. "సుబ్రహ్మణ్యంగారూ, రాజు గుమ్మంలోకి ఒక మీసంతో వచ్చి, సింహాసనం మీద ఇంకో మీసంతో కూర్చున్నాడు. మధ్యలో నడిచింది ఆరడుగులు. పదిహేను రోజుల్లో యుద్ధం సీను, అన్నీ క్లోజప్పులే. చెయ్యి కుదరకపోతే చెప్పండి, వేరే వాళ్లని పెట్టుకుంటాం."

పాతికేళ్ల పని రెండు వేళ్ల మీదికొచ్చింది. ఆదివారం పొద్దున షేక్‌పేట దగ్గర బ్రేకు నొక్కబోతే వేళ్లు లొంగలేదు. కాళ్లు ఆనించి ఎలాగో ఆపుకుని, ఎదురుగా ఉన్న సైకిల్ షాపులోకి నడిపించుకెళ్లాడు. షాపు బాలనర్సయ్యది. ఆయనకి అరవై దాటాయి.

"బ్రేకు బిగుసుకుపోయిందండీ, కాస్త చూడండి."

బాలనర్సయ్య ఒక్క వేలితో బ్రేకు నొక్కాడు. "బ్రేకు మంచిగనే ఉంది సార్. ఏళ్లు తిమ్మిరెక్కుతున్నయా?"

సుబ్రహ్మణ్యం అటూ ఇటూ చూశాడు. ఆ నలభై ఒక్కమందిలో ఎవరూ లేరు. "ఎక్కుతున్నాయి" అన్నాడు మెల్లగా.

బాలనర్సయ్య నీళ్ల సీసాని సీటు మీద పడుకోబెట్టాడు. అది ముందుకు దొర్లి కింద పడింది. "చూసిండ్రా? మీరు గూడ గిట్లనే జారుతుండ్రు. మిమ్ముల ఆపుతున్నది గా అరచేతులే. బరువంత ఆడనే పడుతుంది. గిది తొక్కనీకి బిగించింది గాదు సార్, ఫొటోకు బిగించింది."

సీటు సమంగా తిప్పాడు. హ్యాండిల్ లేపాడు. సుబ్రహ్మణ్యాన్ని ఎక్కించి చుట్టూ తిరిగాడు. "మోచేతులు జర వంచుండ్రి. మణికట్టు సీదా ఉండాలె. గంత గట్టిగ ఎందుకు పట్టుకుంటరు, హ్యాండిల్ యాడికి పారిపోదు. నడుమ నడుమ చేతులు జాగ మార్చుండ్రి. ఒక వారం తొక్కకుండ్రి. అయినా తిమ్మిరి పోకుంటే డాక్టర్‌కు చూపెట్టుకోవాలె, నాకు గాదు."

"ఇప్పుడు పోస్ట్‌మ్యాన్‌లా ఉన్నానా?"

"ఉన్నరు. నేను నలభై ఏండ్ల సంది గట్లనే తొక్కుతున్న." బాలనర్సయ్య చేతులు చాపి చూపించాడు. నిండా నల్లటి గ్రీజు. వేళ్లు మాత్రం ఒక్కటీ వణకలేదు.

వారం పాటు సైకిల్ ఎక్కకపోయేసరికి తిమ్మిరి వదిలింది. యుద్ధం సీనులో రాక్షసరాజు చచ్చిపోయాడు, మీసం మాత్రం చెక్కుచెదరలేదు. దర్శకుడు ఏమీ అనలేదు. ఆ రంగంలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

ఆ రాత్రి సుబ్రహ్మణ్యం గ్రూపులో పోస్ట్‌మ్యాన్ ఫొటో పెట్టి, జరిగింది దాచకుండా రాశాడు. మూడు బొటనవేళ్లే లేచాయి. కానీ తెల్లారేలోగా పదకొండుమంది విడివిడిగా అడిగారు: "నాకూ ఉందండీ, ఎవరికీ చెప్పకండి. ఆ షాపెక్కడ?"

ఆదివారం పదకొండు సైకిళ్లు షేక్‌పేటలో ఒకదాన్నొకటి చూసుకున్నాయి. అందరూ గాలి కోసమే వచ్చామన్నారు. బాలనర్సయ్య టైర్లు నొక్కి చూశాడు. అన్నీ నిండుగానే ఉన్నాయి.

"అందరు జర ఇనుండ్రి. చూసెటోళ్ల కోసం బిగించిన బండి తొక్కెటోని చేతులు తింటది. బండిని మీ ఒంటికి తగ్గట్టు బిగించుకోవాలె. నొప్పైతే మొదటి దినమే చెప్పాలె, దాస్తే పెరుగుతది. ఇగ చెప్పుండ్రి, ఎవరికి ఏళ్లు తిమ్మిరెక్కుతున్నయి?"

ఈసారి బొటనవేళ్లు కాదు, చేతులే లేచాయి.