బిళ్లగన్నేరు సూది

ఇదిగో, పొద్దున లేవగానే ఫోనులో ఆకుపసరు వీడియో చూసి, పళ్లయినా తోముకోకుండా పదిమందికి పంపేవాళ్లూ, మిమ్మల్నే! ముఖం అటు తిప్పుకోకండి. గోదావరిఖని మొగిలి సంగతి వినండి. మీకు నవ్వొస్తే నవ్వండి గాని, ఆ వారం మొగిలికి మాత్రం నవ్వు రాలేదు.

మొగిలి బాయిలో బొగ్గు తవ్వి రిటైరైనవాడు. ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే అన్నం సహించని మనిషి. భార్య తమ్ముడు భూపాల్ దొరికితే అసలే వదలడు. భూపాల్ డ్యూటీలో చేరిన కొత్తలో, బాయి కింద పొద్దు పొడిచే స్విచ్చి పట్టుకురమ్మని దీపాలిచ్చే గదికి పంపాడు. ఆ అమాయకుడు వెళ్లి అడిగాడు కూడా.

ఇప్పుడు ఆ భూపాల్ మెడకు గడ్డలు లేచాయి. క్యాన్సరని, వెంటనే సూదులు మొదలుపెట్టాలని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. అతనేమో క్వార్టర్ ముందున్న బిళ్లగన్నేరు ఆకు నూరి, ఆ పసరు తాగుతూ కూర్చున్నాడు. తాగిందల్లా కక్కుతున్నాడు. గడ్డలు పెరుగుతూనే ఉన్నాయి.

"జల్ది తయారు కా, దవాఖానకు పోదాం" అన్నాడు మొగిలి.

"నేను రాను బావా. అది మిషన్ల మందు, పేగులు కాలుస్తదట. ఇది చెట్టు మందు. సల్లగ పనిచేస్తది."

"సల్లగనే! ఇంకిన్ని దినాలు తాగితే నువ్వే సల్లవడుతవ్."

అన్నాక మొగిలి నాలిక కరుచుకున్నాడు. లోపల మొగిలి భార్య శోభ, తమ్ముడికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అప్పుడు మొగిలి నోటికి తోచిన అబద్ధం ఆడేశాడు.

"అరే పిచ్చోడా, ఆ సూది గూడ గీ బిళ్లగన్నేరు రసమేరా. వడగట్టి సీసల పోస్తరు, గంతే."

"పో బావా. స్విచ్చి తెమ్మన్నోనివి నువ్వు, నిన్నెట్ల నమ్మాలె?"

"రూఫు మీద ఒట్టు."

భూపాల్ చేతిలో గిన్నె ఆగిపోయింది. బాయిలో తల మీది కప్పును రూఫు అంటారు. కర్రతో తట్టి, అది కూలబోయే ముందు వచ్చే డొల్ల చప్పుడు విని, "రూఫు!" అని ఒక్కడు అరిస్తే చాలు, ఎక్కడి పని అక్కడ వదిలి పరుగు తీస్తారు. అందుకే దాని మీద ఎవరూ పరాచికాలాడరు. మొగిలి కూడా ఎన్నడూ ఆడలేదు.

భూపాల్ బావ ముఖంలోకి చూసి, గిన్నె కింద పెట్టాడు. "నడువు" అన్నాడు.

రైలులో అతను నిద్రపోయాడు. మొగిలికి కన్ను మూతపడలేదు. తాను దొంగ ఒట్టు పెట్టిన పాపం వీడికే తగులుతుందేమోనని భయపడుతూనే ఉన్నాడు.

దవాఖానలో నర్సు మహెజబీన్ మందు తెచ్చింది.

"అక్కా, ఇది బిళ్లగన్నేరుదేనా?" అడిగాడు భూపాల్.

అతని వెనక నిలబడి మొగిలి, అవునని చెప్పమ్మా అన్నట్టు కన్ను గీటాడు.

"ఏంది కాకా, కన్ను గొడ్తున్నరు?" అని ఆమె గదమాయించింది. "అవును, గా చెట్టు నుంచి తీసిందే. మీకిచ్చే మందులల్ల ఇదొకటి. కుప్పలకొద్ది ఆకుల నుంచి ఇంతంత తీసి, శుద్ధి జేసి, మనిషిని బట్టి కొలిచి ఇస్తరు. ఇది గూడ సల్లటి మందేం కాదు. ఉత్త పసరు తాగితే మాత్రం విషమే. ఎవలన్న తాగుతరా?"

భూపాల్ తల దించుకున్నాడు. మొగిలి నోరు తెరిచాడు.

"నిజంగనేనా అమ్మా?"

భూపాల్ చటుక్కున తలెత్తాడు. "అంటే నీకు ఎర్కలేదా?"

"లేదురా. నువ్వైతే నమ్మే వచ్చినవ్ గద?"

"నమ్మలే బావా. రూఫు మీదనే దొంగ ఒట్టు పెట్టినవంటే, నేను పోతనని నీకు గంత భయమైందనుకున్న. గందుకే వచ్చిన."

మందు చుక్క చుక్కగా నరంలోకి దిగుతోంది. భూపాల్ కళ్లు మూసుకుని, చాలా రోజుల తర్వాత పెదవి కొంచెం వంచాడు.

"జిందగీల ఒక్కపారి నిజం చెప్పినవ్ బావా. గది గూడ నీకు ఎర్కలేకపాయె!"